రేడియో గొంతు పెంచాడు.. కోర్టుల్లో ఓడాడు: ఎఫ్ఎం సృష్టికర్త ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ ఇదీ

సికింద్రాబాద్: ఆర్మ్‌స్ట్రాంగ్ అనగానే మనకు చంద్రుడి మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగే గుర్తొస్తాడు. కానీ ఇంకో ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. పొద్దున్నే ఆటోలో వినిపించే 98.3, ఆకాశవాణి రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8.. ఈ స్టేషన్లన్నీ ఎఫ్ఎం. ఆ ఎఫ్ఎంను ఈ ప్రపంచానికి ఇచ్చింది ఆయనే. పేరు ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్.

ఇప్పుడు ఆయన గురించి ఎందుకంటారా? కారణం మన జంట నగరాల్లోనే ఉంది.

సికింద్రాబాద్, హైదరాబాద్‌లో హామ్ రేడియో పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట కలిస్తే ఒక చర్చ తప్పకుండా వస్తుంది. చేతిలో ఉన్న చిన్న సెట్ పవర్ ఐదో పదో వాట్లు. దానికి వెనకాల ఒక పవర్ యాంప్లిఫయర్ తగిలించాలా, వద్దా? తగిలిస్తే ఏమవుతుంది? కొందరు తగిలించి పక్క రాష్ట్రాలే కాదు, పక్క దేశాలతో మాట్లాడారు. కొందరు తగిలించిన మొదటి నిమిషంలోనే పొగ చూశారు. ఆ పొగకు కారణమైన విషయాన్నే 1912లో ఓ కాలేజీ కుర్రాడు అదుపులో పెట్టి, రేడియో చరిత్ర మొత్తాన్ని మార్చేశాడు. ఆ కుర్రాడే ఈ ఆర్మ్‌స్ట్రాంగ్.

హామ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్స్ తీసుకుని, సొంత వైర్‌లెస్ సెట్‌తో ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడే అభిరుచి ఇది. వ్యాపారం చేయకూడదు. డబ్బు తీసుకోకూడదు. హైదరాబాద్‌లో 1983 నుంచే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉంది. 2004 డిసెంబర్‌లో ఈ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉండగానే సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఈ హామ్ సెట్లే మాట్లాడాయి. అంటే ఇది ఉత్త కాలక్షేపం కాదన్నమాట.

కుళాయి వాషర్లతో పుట్టిన సెట్

ఈ చిన్న సెట్ల విషయంలో హైదరాబాద్‌కు ప్రపంచవ్యాప్తంగా ఒక పేరుంది. ఇక్కడివాడైన అష్హర్ ఫర్హాన్ అనే హామ్ సుమారు ఇరవై ఏళ్ల కిందట బిటెక్స్ అనే సెట్ డిజైన్ చేసి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. విదేశీ పార్టులు దొరక్కపోయినా ఫర్వాలేదన్నట్టు ఉంటుంది ఆ డిజైన్. కాయిల్స్ చుట్టడానికి ఫెరైట్ రింగులు లేకపోతే ఏం చేయాలి? నల్లా రిపేర్‌లో వాడే వాషర్లు తెచ్చుకుని వాటి మీద వైరు చుట్టొచ్చు. ఆ తర్వాత బిటెక్స్40 పేరుతో తయారైన బోర్డు, 2017 చివర్లో మైక్రో బిటెక్స్ వచ్చాయి. హైదరాబాద్‌లో తయారై ప్రపంచమంతా వెళ్లాయి.

పవర్ ఎంతంటే బిటెక్స్40కి ఏడు వాట్లు. మైక్రో బిటెక్స్‌కు దాదాపు పది. ఇంట్లో ఎల్ఈడీ బల్బు తినేంత. పిట్ట కొంచెం, కూత ఘనం అంటారే, సరిగ్గా అలాంటి సెట్. చివర్లో ఉండేది ఐఆర్ఎఫ్510 అనే చవక ట్రాన్సిస్టర్. నిజానికి దాన్ని తయారు చేసింది స్విచ్చింగ్ పనుల కోసం, రేడియో కోసం కాదు. బిటెక్స్40లో ఆ ట్రాన్సిస్టర్‌కు మాత్రం విడిగా ఎక్కువ వోల్టేజ్ ఇచ్చుకునే వీలు పెట్టారు. 25 వోల్టుల దాకా ఇస్తే ఇరవై వాట్ల దాకా లాగొచ్చు. అక్కడితో ఆగనివాళ్లు బయట ఇంకో యాంప్లిఫయర్ బోర్డు పెడతారు.

ఇప్పుడు ఆ బోర్డు మూత తీసి చూడండి. గాల్లోంచి వచ్చిన సిగ్నల్‌ను ముందు ఇంకో ఫ్రీక్వెన్సీకి మార్చి, అక్కడ వడకట్టి, పెంచి వినిపిస్తుంది. దీన్ని సూపర్‌హెటెరోడైన్ అంటారు. అది ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. చిన్న ఆసిలేటర్‌తో తరంగం పుట్టించి, దాన్ని వెనకాల యాంప్లిఫయర్లతో పెంచుకుంటూ పోవడం.. ఈ పద్ధతిని హామ్‌ల చేతిలో పెట్టి అట్లాంటిక్ దాటించిన బృందంలోనూ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. ఆసిలేటర్ అంటారా, దానికీ మూలం ఆయన దగ్గరే ఉంది. హైదరాబాద్ బోర్డు మీద న్యూయార్క్ మనిషి వేలిముద్రలు ఇన్ని ఉన్నాయి మరి.

ఇంతకీ ఎవరీ ఆర్మ్‌స్ట్రాంగ్?

1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అమెరికా శాఖలో ఉద్యోగి. తల్లి టీచర్‌గా పనిచేసింది. చిన్నప్పుడే ఒక నరాల జబ్బు చేసింది. దాంతో రెండేళ్లు బడికి పోలేదు, ఇంట్లోనే చదువు. జబ్బు తగ్గింది కానీ ముఖం, భుజం అప్పుడప్పుడూ వాటంతటవే అదరడం మాత్రం జీవితాంతం మిగిలిపోయింది. మనుషుల్లో కలవని కుర్రాడు అయ్యాడు. వస్తువులతో మాత్రం బాగా కలిసిపోయాడు.

1902లో కుటుంబం న్యూయార్క్ పక్కనే ఉన్న యాంకర్స్ అనే ఊరికి మారింది. నది ఒడ్డున ఎత్తైన ఇల్లు. పైకప్పు కింద అటక లాంటి గది ఆయనది. మార్కొనీ గురించి చదివి పద్నాలుగేళ్లకే తానూ ఇన్వెంటర్ కావాలని ఫిక్స్ అయిపోయాడు. ఇంటి పక్కనే 125 అడుగుల యాంటెన్నా స్తంభం సొంతంగా నిలబెట్టాడు. తాడుకు కట్టిన చిన్న పీట మీద కూర్చుని పైకి లాక్కుంటూ ఎక్కేవాడు. ఎత్తులంటే భయం లేదు సరికదా, పిచ్చి. ఈ పిచ్చి తర్వాత ఒకసారి ఆయన్ని చిక్కుల్లో పడేసింది. ఆ సంగతి కింద చెప్పుకుందాం.

ఇక్కడ ఒక మాట. ఇవాళ ఏ సీనియర్ హామ్‌ను అడిగినా ముందు యాంప్లిఫయర్ కొనకు, యాంటెన్నా ఎత్తు పెంచు అంటారు. లెక్క కూడా అదే చెబుతుంది. అవతలివాడి మీటర్‌లో మన సిగ్నల్ ఒక్క గీత పెరగాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. పది వాట్లను వంద చేసినా రెండు గీతలు కూడా పూర్తిగా పెరగదు. అదే యాంటెన్నా సరిగ్గా కడితే పంపేటప్పుడూ, వినేటప్పుడూ రెండు వైపులా లాభం. యాంకర్స్ కుర్రాడికి ఇది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. అప్పటికి కొనడానికి యాంప్లిఫయర్లే లేవనుకోండి.

1909లో కొలంబియా యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరాడు. తండ్రి కొనిచ్చిన ఎర్ర మోటార్ సైకిల్ మీద యాంకర్స్ నుంచి రోజూ కాలేజీకి వెళ్లొచ్చేవాడు. ఆ బండి బ్రాండ్ పేరేంటో తెలుసా? ఇండియన్.

ఫంక్షన్ హాల్ కీచుశబ్దం.. అదే అసలు రహస్యం

1906లో లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ ఆడియాన్ అనే గాజు బల్బు తయారు చేశాడు. లోపల మూడు తీగలు. రేడియో సిగ్నల్‌ను పట్టుకోవడానికి పనికొచ్చేది. కానీ అది ఎలా పనిచేస్తుందో తయారు చేసినాయనకే సరిగ్గా తెలియదు. ఆర్మ్‌స్ట్రాంగ్ కూర్చుని కొలిచాడు. లోపల ఏం జరుగుతోందో ఓపిగ్గా రాసుకున్నాడు. కొలవగా కొలవగా, బల్బు ఔట్‌పుట్‌లో కూడా రేడియో తరంగం కదులుతోందని గమనించాడు. మరి దాన్నే కొంచెం తీసుకొచ్చి మళ్లీ ఇన్‌పుట్‌లో పెడితే?

1912 సెప్టెంబర్ 22న పెట్టి చూశాడు. హెడ్‌ఫోన్లలో వినీవినిపించని స్టేషన్లు గదంతా మోగాయి. ఒకే బల్బు, అదే సిగ్నల్‌ను తిప్పి తిప్పి పెంచుతోంది. దీనికి రీజనరేషన్ అని పేరు. ఆ తిప్పడం ఇంకా ఎక్కువ చేస్తే ఇంకో వింత జరిగింది. బయటి సిగ్నల్ లేకుండానే బల్బు సొంతంగా తరంగం పుట్టించడం మొదలుపెట్టింది. అంటే రిసీవర్ కాస్తా ట్రాన్స్‌మిటర్ అయిపోయింది! అప్పటిదాకా ట్రాన్స్‌మిటర్ అంటే నిప్పురవ్వలు చిమ్మే యంత్రమో, గది నిండే జనరేటరో. ఇప్పుడు అరచేతిలో పట్టే బల్బు ఆ పని చేస్తోంది.

ఇది మనందరం విన్నదే. పెళ్లిలో మైకు పట్టుకుని ఎవరో స్పీకర్ బాక్స్ ముందుకొస్తారు. కీ.. అని చెవులు చిల్లులు పడతాయి. స్పీకర్ శబ్దం మైకులోకి, మైకు శబ్దం స్పీకర్‌లోకి తిరుగుతోందన్నమాట. రేడియో యాంప్లిఫయర్‌లోనూ అంతే. మన చిన్న సెట్‌కు బయట యాంప్లిఫయర్ పెట్టి, ఇన్‌పుట్ వైరు, ఔట్‌పుట్ వైరు పక్కపక్కనే పోనిస్తే, మధ్యలో షీల్డ్ లేకపోతే, ఎర్తింగ్ వదులుగా ఉంటే.. పెరిగిన సిగ్నల్ మళ్లీ వెనక్కి దూరుతుంది. మైకు నొక్కకుండానే యాంప్లిఫయర్ సొంతంగా అరుస్తుంది. చెవికి ఏమీ వినిపించదు. ట్రాన్సిస్టర్ వేడెక్కి పోతుంది. మొదట్లో చెప్పిన పొగ ఇదే. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఆస్కార్ లాంటి ఆవిష్కరణ, మనకు రెండు ట్రాన్సిస్టర్ల నష్టం. విషయం మాత్రం ఒకటే.

పేటెంట్ కోసం తండ్రిని డబ్బు అడిగాడు. ముందు డిగ్రీ పూర్తి చెయ్, తర్వాత చూద్దాం అన్నట్టుగా ఆయన ఒప్పుకోలేదు. మన ఇళ్లల్లో జరిగేదే. సలహా మీద సర్క్యూట్ బొమ్మ గీసి నోటరీ స్టాంపు వేయించుకున్నాడు. ఖర్చు పావు డాలర్. తేదీ 1913 జనవరి 31. అసలు పేటెంట్‌కు దరఖాస్తు పెట్టింది మాత్రం ఆ ఏడాది అక్టోబర్ చివర్లో. ట్రాన్స్‌మిటర్‌గా వాడే సంగతి అందులో పెట్టలేదు, డిసెంబర్‌లో విడిగా వేశాడు. ఈ కొన్ని నెలల ఆలస్యానికి ఇరవై ఏళ్ల మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

సరిగ్గా ఏడాదికి, 1914 జనవరి 30 రాత్రి, మార్కొనీ కంపెనీ కుర్ర ఉద్యోగి డేవిడ్ సార్నాఫ్‌కు తన పెట్టెను చూపించాడు. న్యూజెర్సీ తీరంలో చలికి వణుకుతూ తెల్లవార్లూ విన్నారు. ఐర్లండ్ స్టేషన్ వినిపించింది. హొనొలులు వినిపించింది. ఆ రాత్రితో ఇద్దరూ స్నేహితులయ్యారు. ఈ సార్నాఫే తర్వాత ఆర్‌సీఏ అనే మహా కంపెనీకి అధిపతి అయ్యాడు. పేరు గుర్తుంచుకోండి.

నాలుగు బల్బులు.. అట్లాంటిక్ అవతల దాకా

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా సైన్యం తరఫున పారిస్ వెళ్లాడు. అక్కడే 1918లో సూపర్‌హెటెరోడైన్ పుట్టింది. ఫ్రాన్స్‌కే చెందిన లూసియన్ లెవీ కూడా అదే దారిలో ఉన్నాడు, ఆ గొడవ వేరే. మేజర్ హోదాతో తిరిగొచ్చాడు. 1920లో తన రెండు పెద్ద పేటెంట్లను వెస్టింగ్‌హౌస్‌కు 3,35,000 డాలర్లకు అమ్మాడు. కోటీశ్వరుడు కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఈలోగా ఒక ముచ్చట జరిగింది. ఈ కథలో నాకు అన్నింటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

అప్పట్లో హామ్‌లకు 200 మీటర్ల చుట్టుపక్కల తరంగాలే వదిలారు. అవి దూరం పోవని పెద్ద కంపెనీల నమ్మకం. పనికిరావు కాబట్టే ఇచ్చారు. 1921 ఫిబ్రవరిలో అమెరికా హామ్‌లు అట్లాంటిక్ దాటించే ప్రయత్నం చేస్తే బ్రిటన్‌లో ఒక్క సిగ్నల్ కూడా వినిపించలేదు. దాంతో రెండోసారి, డిసెంబర్‌లో, పాల్ గాడ్లీ అనే మంచి రిసీవర్ నిపుణుణ్ని ఓడెక్కించి స్కాట్లాండ్ పంపారు. ఆయన తీసుకెళ్లిన రిసీవర్ సూపర్‌హెటెరోడైనే. ఆర్డ్రోసాన్ అనే ఊరి పక్కన, సముద్రపు గాలిలో, డేరా వేసుకుని కూర్చున్నాడు.

ఇటు అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రం గ్రీనిచ్‌లో ఆరుగురు మిత్రులు కలిసి ఒక స్టేషన్ కట్టారు. కాల్‌సైన్ 1బీసీజీ. ఆరుగురిలో ఒకడు ఆర్మ్‌స్ట్రాంగ్. అప్పటికే పేరు, డబ్బు, మేజర్ హోదా అన్నీ ఉన్నాయి. అయినా చలిలో స్తంభాలు పాతుతూ, తీగలు లాగుతూ కుర్రాడిలా తిరిగాడు.

ఇక్కడే మన యాంప్లిఫయర్ సంగతి. అప్పటి పద్ధతి ఏంటంటే, పెద్ద బల్బులన్నీ కలిపి నేరుగా యాంటెన్నాకు కట్టి అక్కడే తరంగం పుట్టించడం. పవర్ వచ్చేది కానీ గాలికి యాంటెన్నా ఊగితే చాలు, ఫ్రీక్వెన్సీ కూడా ఊగేది. సముద్రం అవతల వినేవాడికి ఆ సిగ్నల్ చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతుంది. 1బీసీజీలో పనిని రెండుగా విడగొట్టారు. యూవీ-204 రకం బల్బులు నాలుగు. ఒకటి తరంగాన్ని పుట్టిస్తుంది, అంతే. దానికి యాంటెన్నాతో సంబంధం లేదు, గాలితో సంబంధం లేదు. మిగతా మూడూ పక్కపక్కన నిలబడి అది చెప్పిన దాన్నే గట్టిగా చెబుతాయి. ఒకడు పాడతాడు, ముగ్గురు గొంతు కలుపుతారు. మన భజన మండలి లెక్క.

మొత్తం పవర్ 990 వాట్లు. తరంగం 230 మీటర్లు. హామ్‌లకు ఉన్న హద్దు ఒక కిలోవాట్, దానికి పది వాట్లు తక్కువ. రూల్ దాటలేదు!

డిసెంబర్ 11 రాత్రి, అక్కడి టైమ్ ప్రకారం 12 తెల్లవారుజామున, 1బీసీజీ పంపిన సందేశం మొత్తం అక్షరం పొల్లుపోకుండా గాడ్లీకి అందింది. అభినందనలు చెబుతూ కింద ఆరుగురి పేర్లు. ఆ తరంగదైర్ఘ్యంలో అట్లాంటిక్ దాటిన మొట్టమొదటి పూర్తి సందేశం అదే. పనికిరావన్న తరంగాలు సముద్రం దాటేశాయి.

ఇవాళ బిటెక్స్ వెనకాల యాంప్లిఫయర్ పెట్టేవాళ్లు చేసేదీ ఇదే. చిన్న సెట్ శుభ్రమైన సిగ్నల్ ఇవ్వాలి, పెద్ద బోర్డు దాన్ని మార్చకుండా పెంచాలి. మాట పంపాలంటే యాంప్లిఫయర్ లీనియర్‌గా ఉండాలి. అంటే ఇచ్చింది ఇచ్చినట్టు పెంచాలి. ఐదు వాట్లు అడిగే బోర్డులోకి పది తోస్తే మాట నలిగిపోయి పక్క ఫ్రీక్వెన్సీల మీద పడుతుంది, అక్కడున్నవాళ్లు తిట్టుకుంటారు. ఔట్‌పుట్‌లో లోపాస్ ఫిల్టర్ తప్పనిసరి. లేకపోతే 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడితే 14లో, 21లో కూడా వినిపిస్తుంది. వంద వాట్లకు 13.8 వోల్టుల దగ్గర ఇరవై ఆంపియర్ల సప్లై చూసుకోవాలి, మొబైల్ చార్జర్ వ్యవహారం కాదు. పెద్ద హీట్‌సింక్, ఫ్యాను, పంపడానికీ వినడానికీ మధ్య మారే రిలే ఉండాలి. లైసెన్స్ హద్దు కూడా చూసుకోవాలి. మన దేశంలో రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు 50 వాట్లు, జనరల్ గ్రేడ్‌కు 400 వాట్లు. ఆ ఆరుగురిలా హద్దుకు కాస్త ఇవతలే ఉంటే మంచిది.

టవర్ ఎక్కిన పెళ్లికొడుకు

1922లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంకో సర్క్యూట్‌ను ఆర్‌సీఏకు అమ్మాడు. రెండు లక్షల డాలర్లు, దాంతోపాటు 60 వేల షేర్లు. ఒక్కసారిగా ఆ కంపెనీలో అతిపెద్ద వ్యక్తిగత వాటాదారు అయిపోయాడు. సార్నాఫ్ ఆఫీసుకు తరచూ వెళ్లేవాడు. వెళ్లింది సార్నాఫ్ కోసమేనా అంటే, కాదు. ఆయన సెక్రటరీ మేరియన్ మెకిన్నిస్ కోసం. ఆమెను మెప్పించాలని 1923లో ఆర్‌సీఏ కొత్త టవర్ చిటారు కొమ్ముకు ఎక్కేశాడు. ఫొటోలు కూడా తీయించుకున్నాడు. సార్నాఫ్‌కు మండిపోయింది, ఆవరణలోకి రావద్దని ఆంక్ష పెట్టాడు. ఇప్పుడైతే రీల్ అయ్యేది. మేరియన్ మాత్రం పెళ్లికి ఒప్పుకుంది. ఆ డిసెంబర్‌లోనే పెళ్లి. పెళ్లి కానుకగా ఆమెకు ఇచ్చింది చేత్తో మోసుకెళ్లే సూపర్‌హెటెరోడైన్ రేడియో.

కానీ మరోవైపు కోర్టు వ్యవహారం ముదురుతోంది. రీజనరేషన్ తనదేనని డి ఫారెస్ట్ కేసు వేశాడు. ఆయన ఆధారం 1912 ఆగస్టులో తన నోట్‌బుక్‌లో రాసుకున్న ఒక పేజీ. ఫోన్ యాంప్లిఫయర్ మీద పనిచేస్తుంటే కీచుమని అరిచిందని అందులో ఉంది. అదే, ఫంక్షన్ హాల్ శబ్దం. అప్పుడు ఆయన చేసింది ఏంటంటే దాన్ని ఆపే మార్గం వెతకడం. అరుపు విన్నది డి ఫారెస్ట్ ముందే కావచ్చు. ఆ అరుపుతో ఏం చేయొచ్చో తెలుసుకున్నది మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్. కోర్టుకు ఈ తేడా కనిపించలేదు. కింది కోర్టుల్లో ఒకసారి ఇటు, ఒకసారి అటు తీర్పులొచ్చి చివరికి 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్‌కే ఓటేసింది. సాంకేతిక విషయాన్ని కోర్టు తప్పుగా అర్థం చేసుకుందని ఇంజనీర్లు ఇప్పటికీ అంటారు.

ఆ ఏడాదే రేడియో ఇంజనీర్ల సంఘం సమావేశం ఫిలడెల్ఫియాలో జరిగింది. తనకు ఈ ఆవిష్కరణకే ఇచ్చిన పతకాన్ని తిరిగిచ్చేద్దామని వెళ్లాడు ఆర్మ్‌స్ట్రాంగ్. సంఘం తీసుకోలేదు. పతకం ఆయనదేనని మళ్లీ ప్రకటించింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

పవర్ పెంచితే ఉరుము కూడా పెరుగుతుంది

అప్పటి ఏఎం రేడియోకు ఒక జబ్బు ఉంది. వానాకాలంలో పాత రేడియో విన్నవాళ్లకు తెలుసు. ఉరుము ఉరిమితే చాలు, పాట మధ్యలో గరగర. ఏఎంలో మాటను తరంగం ఎత్తులో దాస్తారు. మెరుపు కూడా వచ్చి అదే ఎత్తును కదిపేస్తుంది. రిసీవర్‌కు పాట ఏదో ఉరుము ఏదో తెలియదు. రెంటినీ కలిపి పెంచుతుంది.

దీనికి కంపెనీలకు తెలిసిన మందు ఒక్కటే. పవర్ పెంచడం. సిన్సినాటీలోని డబ్ల్యూఎల్‌డబ్ల్యూ స్టేషన్ 1934లో ఏకంగా 500 కిలోవాట్లకు వెళ్లింది. సిగ్నల్ పెంచడం ఎలాగో లోకానికి నేర్పిన మనిషి మాత్రం ఆ దారిలో పోలేదు. తరంగం ఎత్తును ముట్టుకోకుండా, దాని ఫ్రీక్వెన్సీని మాటకు తగ్గట్టు అటూ ఇటూ కదిపాడు. రిసీవర్‌లో ఎత్తు తేడాలన్నీ కత్తిరించి పారేశాడు. వాటితోపాటే ఉరుము కూడా పోయింది. అదే ఎఫ్ఎం. పేటెంట్లు 1933 డిసెంబర్ 26న వచ్చాయి.

1935 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఇంజనీర్ల ముందు బయటపెట్టాడు. ఉపన్యాసం మధ్యలో రిసీవర్ ఆన్ చేశాడు. ప్రసారం వస్తోంది యాంకర్స్‌లోని ఒక హామ్ మిత్రుడి ఇంటి నుంచి, డబ్ల్యూ2ఏజీ అనే కాల్‌సైన్ మీద. గ్లాసులో నీళ్లు పోస్తే నీళ్లు పోసినట్టే, కాగితం నలిపితే కాగితం నలిపినట్టే వినిపించింది. ఎఫ్ఎం మొదటిసారి లోకానికి వినిపించింది ఒక హామ్ స్టేషన్ నుంచే అన్న సంగతి మనవాళ్లు కాస్త గర్వంగానే చెప్పుకోవచ్చు.

సార్నాఫ్‌కు అప్పటికే చూపించాడు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద కొన్నాళ్లు ప్రయోగాలకు చోటిచ్చారు కూడా. 1935లో సామాను తీసేయమన్నారు. ఆర్‌సీఏ దృష్టి టీవీ మీదికి మళ్లింది. పైగా వాళ్లకూ ఏఎం స్టేషన్లు ఉన్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ వదల్లేదు. సొంత డబ్బుతో న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో 400 అడుగులకు పైగా టవర్ కట్టి, 1939లో సొంత ఎఫ్ఎం స్టేషన్ నడిపాడు. జనం విన్నారు, మెచ్చారు. 1941 జనవరి నుంచి 42 – 50 మెగాహెర్ట్జ్‌లో ఎఫ్ఎంకు ప్రభుత్వం చోటిచ్చింది. ఆర్‌సీఏ దిగొచ్చి పది లక్షల డాలర్లు ఒక్కసారిగా ఇస్తాం, తర్వాత రాయల్టీ అడగొద్దంది. అందరూ కడుతున్న రాయల్టీ మీరూ కట్టండని ఆయన తిప్పి పంపాడు. తీసుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు మనం అనొచ్చు. చిన్న కంపెనీలతో ఒక రేటు, పెద్ద కంపెనీతో ఇంకో రేటు ఏంటని ఆయన వాదన. అదీ తప్పు కాదు.

యుద్ధం వచ్చింది. తన ఎఫ్ఎం పేటెంట్లను సైన్యానికి ఉచితంగా ఇచ్చేశాడు. యుద్ధం ముగుస్తుండగా, 1945 జూన్‌లో, అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ ఒక నిర్ణయం తీసుకుంది. ఎఫ్ఎంను 42 – 50 నుంచి తీసేసి 88 – 108 మెగాహెర్ట్జ్‌కు మార్చింది. జనం ఇళ్లల్లో ఉన్న లక్షల ఎఫ్ఎం సెట్లు చెత్తబుట్ట పాలయ్యాయి. స్టేషన్లు ట్రాన్స్‌మిటర్లు మార్చుకోవాల్సి వచ్చింది. పదేళ్ల కష్టం మళ్లీ మొదటికొచ్చింది. మన కారు రేడియోలో నంబర్లు 88 దగ్గర మొదలై 108 దగ్గర ఆగుతాయి కదా, ఆ అంకెలు ఆయన్ని దెబ్బకొట్టిన అంకెలే.

ఆఖరి కేసు

టీవీల్లో శబ్దం కోసం ఆర్‌సీఏ ఎఫ్ఎంనే వాడింది. రాయల్టీ మాత్రం కట్టలేదు. 1948 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్ కేసు వేశాడు. ఒకప్పుడు చలిలో తెల్లవార్లూ పక్కన కూర్చుని విన్న సార్నాఫ్ ఇప్పుడు ఎదుటి పక్షం. కంపెనీ లాయర్లు నెలల తరబడి ఆయన్నే ప్రశ్నిస్తూ కూర్చున్నారు. తొందర వాళ్లకు లేదు. 1950 డిసెంబర్‌తో అసలు ఎఫ్ఎం పేటెంట్ల గడువు అయిపోయింది. రాయల్టీ ఆదాయం ఆగింది, లాయర్ల బిల్లులు ఆగలేదు.

1953 నవంబర్‌లో పండగ రోజు డబ్బు గురించి ఇంట్లో గొడవైంది. కోపంలో మేరియన్ చేతి మీద కొట్టాడు. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. ఇది సమర్థించే విషయం కాదు. ఆయన కూడా సమర్థించుకోలేదు. 1954 జనవరి 31 రాత్రి, న్యూయార్క్ అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ భార్యకు క్షమాపణలతో రెండు పేజీల ఉత్తరం రాసి ప్రాణం తీసుకున్నాడు. వయసు 63. నోటరీ స్టాంపు వేయించుకున్న రోజుకు సరిగ్గా 41 ఏళ్లు. సార్నాఫ్‌తో ఐర్లండ్ విన్న రాత్రికి 40 ఏళ్లు.

కేసులు ఆగలేదు. మేరియన్ నడిపించింది. 1954 చివర్లో ఆర్‌సీఏ పది లక్షల డాలర్లకు పైగా కట్టి రాజీ పడింది. దాదాపు 1940లో ఇస్తామన్న మొత్తమే! మిగతా కంపెనీల మీద ఒక్కొక్కటిగా గెలుచుకుంటూ వచ్చింది. ఆఖరుది మోటరోలా. 1967లో అది కూడా ఓడింది.

ఆల్పైన్ టవర్ ఇప్పటికీ నిలబడే ఉంది. 2001లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలి న్యూయార్క్ టీవీ చానళ్ల యాంటెన్నాలు పోయినప్పుడు కొన్ని చానళ్లు ఈ టవర్ మీదికే వచ్చాయి. 2021 డిసెంబర్‌లో అట్లాంటిక్ సందేశానికి వందేళ్లు నిండితే, అమెరికాలోని పాత రేడియో అభిమానులు 1బీసీజీ ట్రాన్స్‌మిటర్‌ను అచ్చు అలాగే మళ్లీ కట్టారు. 160 మీటర్ల బ్యాండ్‌లో ఆ పాత సందేశాన్నే మోర్స్ కోడ్‌లో మళ్లీ గాల్లోకి వదిలారు.